వేరే దారి లేదని ఇంగ్లీషులో

2013లో ఆరు నెలలపాటు ప్రతి ఆదివారం పొద్దున్నే శంషాబాద్ నుంచి అత్తాపూర్ పోయి ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఐదేళ్లు ఎయిర్‌పోర్టు టాక్సీ నడిపేసరికి నడుం పడిపోయింది. టాక్సీ ఆఫీసువాళ్లు కౌంటర్‌లో కూర్చునే పని ఇస్తాం గానీ ఇంగ్లీషు రావాలన్నారు. నలభై ఏళ్ల మనిషిని, నోటుబుక్కు చంకన పెట్టుకుని ఆ క్లాసు మెట్లెక్కడానికి సిగ్గేసేది.

ఒక ఆదివారం మేడం, గత్యంతరం లేనప్పుడు ఇంగ్లీషువాళ్లు వాడే మాటలు చెప్పారు. ఆవిడది కోస్తా. ఎంత విసుగొచ్చినా 'అండీ' వదిలేవారు కాదు. ముందు అలాంటి ఒక మాట ఎలా పుట్టిందో చెప్పడానికి గుర్రాలు కిరాయికిచ్చే ఒక ఆసామి కథ చెప్పారు. తలుపు పక్కనున్న గుర్రాన్నే తీసుకోవాలట, వద్దంటే నడిచిపోవాలట. మా టాక్సీ లైను కూడా అంతే మేడం, ముందున్న బండే ఎక్కాలి అన్నాను. అందరూ నవ్వారు. తర్వాత బోర్డు మీద 'మై హ్యాండ్స్ ఆర్ టైడ్' అని రాశారు. నా చేతులు కట్టేసి ఉన్నాయి, నేను చేయగలిగిందేమీ లేదు అని అర్థం.

"మీ జీవితంలోంచి ఒక వాక్యం రాయండి," అన్నారు.

నేను ఆలోచించకుండానే రాసేశాను. మా పొలం ఎయిర్‌పోర్టులో పోయింది, మా బాపు చేతులు కట్టేసి ఉన్నాయి అని. మేడం దాన్ని క్లాసంతటికీ చదివి వినిపించి, చాలా బాగా రాశారండీ అన్నారు.

నా పక్కన కూర్చునే అక్క ఎయిర్‌పోర్టులో క్లీనింగ్ పని చేసేది. వాళ్ల పొలం నిజంగానే పోయింది. ఆమె నా వైపు తిరిగి, "మీది గూడ పోయిందా అన్నా? ఏ దిక్కు ఉండె?" అని ఆప్యాయంగా అడిగింది. నేను తల వంచుకుని పెన్ను మూత పెట్టాను.

మా పొలం ఎయిర్‌పోర్టు గోడకు ఇవతలే ఉండింది. దాన్ని ఎవరూ తీసుకోలేదు. విమానాలు మొదలైన ఏడాది, ఇంకా భూములు పోతాయని పుకారు లేచింది. ఆ సాకుతో అమ్మేద్దామని నేను బాపు వెంటపడ్డాను. నాక్కావలసింది కారు. "నేనున్నన్ని దినాలు ఉండనియ్యి బిడ్డా," అని ఆయన బతిమాలాడు. ముప్పై ఐదేళ్ల మనిషిని, మూడు రోజులు అన్నం ముట్టకుండా అలిగాను. నాలుగో రోజు బాపు సంతకం పెట్టాడు. మా చుట్టుపక్కల ఇలా అమ్ముకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. అడిగినవాళ్లకు అందరం ఒకటే చెప్పేవాళ్లం, ఎయిర్‌పోర్టుల పోయిందని. చుట్టాలు నన్ను ఒక మాట అనకూడదని బాపు కూడా అదే చెప్పేవాడు.

ఆ ఆదివారం క్లాసు నుంచి ఇంటికి వచ్చేసరికి బాపు అరుగు మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నాడు. బజారులో కొన్నవి. ఒకప్పుడు అవి మా పొలంలోనే కాసేవి.

"ఇయ్యాల ఏం జెప్పిన్రు?" అని అడిగాడు. ప్రతి ఆదివారం అడిగేవాడు.

"తప్పక చేసినం అని చెప్పుకోనీకి ఇంగ్లీషుల మస్తు మాటలున్నయి బాపూ."

"మరి నువ్వేం రాసినవ్?"

ఆయనకు ఇంగ్లీషు రాదు. ఏదో ఒకటి చెప్పి లోపలికి పోవచ్చు. కానీ ఆ అక్క అడిగిన మాట దారంతా గుర్తొస్తూనే ఉంది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"అబద్ధం రాసిన బాపూ. నీ చేతులు కట్టేసింది ఎయిర్‌పోర్టు అని రాసిన. కట్టేసింది నేను."

బాపు చేతిలోని కాయను చాటలో పెట్టేశాడు.

"గీ మాట నువ్వంటవా అనవా అని ఐదేండ్ల సంది చూస్తున్న," అన్నాడు. "నేను పోయినంక ఎవరితోని అందువు బిడ్డా?"