సత్తెనపల్లి రోడ్డు మీద అన్న సాక్సోఫోన్

మా అన్న సాక్సోఫోన్ వాయించేవాడు. నరసరావుపేటలో ఆ మాట చెబితే "బ్యాండు మేళంలోనా?" అని అడిగేవాళ్ళు. అవును, మొదట మేళంలోనే, అందులో దాపరికమేముంది? పెళ్ళి ఊరేగింపుల్లో క్లారినెట్ ఊది, ఆ మీదట మద్రాసు పోయి సాక్సోఫోన్ పట్టాడు. గిటారు, డ్రమ్ములు, మృదంగం కలిసిన జాజ్ ఫ్యూజన్ జట్టులో ముందు వరుసలో నిలబడ్డాడు. కాగితం మీద ఉన్నది వాయించడం కాదది. ఒక స్వరం పట్టుకుని అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవడం. మా పల్నాడులో అలాంటివాడు ఇంకొకడుంటే చూపించమనండి.

నాన్న మిషన్ బడిలో మాస్టారు, చర్చిలో సంఘపెద్ద. అన్న గురించి ఎవరడిగినా "మద్రాసులో ఉద్యోగం" అని ఊరుకునేవాడు. నాకు ఒళ్ళు మండేది. దొంగతనం చేస్తున్నాడా, దాచడానికి? నలుగురిలో ఒక్కసారి నాన్న నోటి వెంట తన పని పేరు రావాలని అన్నకు ఎంత ఆశగా ఉండేదో నాకు తెలుసు.

ఆ మాట వినకుండానే పోయాడు. ఎనభైల మధ్యలో, ముప్పై నిండకముందే, కామెర్లు ముదిరి మద్రాసు ఆస్పత్రిలో ప్రాణం పోతే వ్యానులో ఇంటికి తెచ్చారు. తన సొంత పాట ఒకటి క్యాసెట్‌లో పట్టించి, అంతకుముందు క్రిస్మస్‌కు అమ్మకిచ్చి పోయాడు. అమ్మ ఆ క్యాసెట్ పట్టుకుని బయటికొచ్చింది.

"సమాధుల తోట దాకా మైకు రిక్షాలో నా కొడుకు వాయించింది పెట్టండి."

"ఏందమ్మా, శవం ముందు డాన్సు పాటలా? కీర్తనలు చాలవా?" అన్నాడు ఇంకో సంఘపెద్ద.

"డాన్సో ఏందో, అది నా బిడ్డ ఊపిరి. చానా చెప్పావులే, పక్కకు జరుగు."

నాన్న తల వంచుకుని నిలబడ్డాడు. చివరికి బస్టాండు దాకా మేళం కీర్తనలు వాయించేటట్టు, ఆ తర్వాత క్యాసెట్ పెట్టేటట్టు ఒప్పందమైంది. మేళం పెద్ద, అన్నకు క్లారినెట్ నేర్పిన భాయ్, పిలవకముందే జట్టుతో వచ్చి మా వాకిట్లో నిలబడి ఉన్నాడు.

బస్టాండు దాటాక క్యాసెట్ మొదలైంది. అన్న పాట మధ్యలో ఒకచోట అన్నీ ఆగిపోతాయి. కాసేపు ఏ చప్పుడూ ఉండదు. భాయ్‌కు ఆ సంగతి తెలియదు. మేళం వాళ్ళకు రోడ్డు మీద నిశ్శబ్దం పనికిరాదు, ఒక పాట ఆగీ ఆగకముందే ఇంకోటి ఎత్తుకోవాలి. క్యాసెట్ అయిపోయిందనుకుని ఆయన అలవాటుగా క్లారినెట్ మీద కీర్తన అందుకున్నాడు. అంతలో రిక్షా మీది మైకులోంచి అన్న మళ్ళీ లేచాడు. రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"ఆపండయ్యా, నవ్వుతారు జనం," అన్నాడు సంఘపెద్ద.

భాయ్ ఆపలేదు. డ్రమ్ముల వాళ్ళకు తగ్గించమని సైగ చేసి, కీర్తనను నెమ్మదిగా అన్న పక్కన నడిపించాడు. అన్న పై స్వరాలకు పోతే ఆయన కిందే ఉన్నాడు. అన్న గుక్క తిప్పుకుంటే ఆయన అందుకున్నాడు. మద్రాసులో టిక్కెట్టు కొని జనం వినే సంగీతం ఇదే. శవపెట్టె మోసేవాళ్ళు కూడా అడుగు తగ్గించారు. నాకు ఏడుపూ గర్వమూ ఒక్కసారే పొంగుకొచ్చాయి. మా అన్నరా వీడు అని రోడ్డంతా వినబడేలా అరవాలనిపించింది.

మిరపకాయల బస్తాలతో వస్తున్న లారీ ఒకటి పక్కకు ఆగింది. డ్రైవరు తలగుడ్డ తీసి కిందికి దిగాడు. కాసేపు విని, దగ్గరగా నడుస్తున్న నాన్నను అడిగాడు.

"ఎవరు పెద్దాయనా, ఆ మైకులో వాయించేది?"

సంఘపెద్ద ఏదో చెప్పబోయాడు. నాన్న ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మా పెద్దోడు," అన్నాడు. "సాక్సోఫోన్ వాయిస్తాడు."