సాతంరాయి సాలు

నా చిన్నప్పుడు మా సాతంరాయిలో ఆడవాళ్లు చేయని పనంటూ ఉండేది కాదు, ఒక్క నాగలి పట్టడం తప్ప. విత్తనం వేసేది వాళ్లే, కలుపు తీసేది వాళ్లే, కోత కోసి కుప్ప వేసేది వాళ్లే. నాగలి మేడి మీద మాత్రం ఆడదాని చేయి పడకూడదు. పడితే ఆ ఏడు వాన పడదని ఊరంతా నమ్మేది. గోడకు ఆనించిన నాగలిని ఒకసారి ఆటల్లో పట్టుకుని ఊగినందుకే మా నానమ్మ నా వీపు విమానం మోత మోగించింది. మా ఊరి మీదికి విమానాలు రావడానికి ఇంకా చాలా ఏళ్లు ఉన్నాయి గానీ, ఆ మోత మాత్రం నాకు అప్పుడే తెలిసింది.

మా పెద్దనాన్న, అంటే మా నాన్నకు అన్న, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పేరున్న దున్నరి. ఏరువాకప్పుడు మొదటి నాగటి సాలు వేయడానికి పొరుగూళ్ల వాళ్లు వచ్చి పిలుచుకుపోయేవారు. ఆయన దున్నిన చేను గట్టు మీద నుంచి చూస్తే దారం పట్టి గీసినట్టు ఉండేది. "సాతంరాయి సాలు" అంటే మా పెద్దనాన్న సాలే. మొండితనంలోనూ అంతే పేరు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకం. ఆయనను ఒప్పించడం కంటే బండరాయిని బతిమాలడం నయమని మా పెద్దమ్మ నవ్వుతూ అనేది.

అలాంటి మనిషి కూతురికి, మా అక్కకు, రాజేంద్రనగర్ వైపున్న వ్యవసాయ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. రైతుల పిల్లలకు అక్కడ కొన్ని సీట్లు విడిగా ఉండేవి. మా ఊరి నుంచి అంత చదువుకు పోయిన మొదటి ఆడపిల్ల ఆమె. పెద్దనాన్న ఎలా ఒప్పుకున్నాడంటే, వ్యవసాయం చదవడమంటే బల్ల ముందు కూర్చుని పుస్తకంలో చదవడమే అనుకున్నాడు. ఎవరూ ఆయనకు అది కాదని చెప్పలేదు.

ఆదివారాల్లో మా తాతయ్య జొన్నరొట్టెల మూట పట్టుకుని అక్కను చూడటానికి పోయేవాడు. వెంట నేను. ఆరాంఘర్ దాకా బస్సు, అక్కడి నుంచి నడక. ఆ విశ్వవిద్యాలయం నాకు మా ఊరి కంటే పెద్ద ఊరులా కనిపించేది. గేటు దాటితే తరగతి గదుల కంటే ముందు పొలాలు వచ్చేవి. వరి మళ్లు, జొన్న చేలు, ద్రాక్ష పందిళ్లు, పశువుల కొట్టాలు, కోళ్ల షెడ్లు, వాటి నడుమ అక్కడక్కడ భవనాలు. బడి అంటే నాలుగు గోడలు అనుకునే నాకు, ఇక్కడ పొలమే బడి అని చూడగానే తెలిసిపోయింది. సర్కారు భూమి ఇచ్చి పెట్టించిన చదువు అది. అక్కడ నేర్చుకున్నది మళ్లీ ఊళ్లకు పోయి రైతుకు చెప్పాలన్నది దాని నియమం.

పిల్లలు అన్ని జిల్లాల వాళ్లూ ఉండేవారు. శ్రీకాకుళం నుంచి ఒకరు, అనంతపురం నుంచి ఒకరు, ఆదిలాబాద్ నుంచి ఒకరు. పశువుల మధ్యే పెరిగిన వాళ్లు కొందరైతే, పల్లీలు చెట్టుకు వేలాడతాయనుకునే పట్నం పిల్లలు కొందరు. అమ్మాయిలు చాలా తక్కువ. మా అక్క గదిలో గోదావరి వైపు అమ్మాయి ఒకరు, కర్నూలు అమ్మాయి ఒకరు ఉండేవారు. కూరలో కారం ఎంత ఉండాలన్న దాని మీద ముగ్గురికీ రోజూ తగవే. మా రొట్టెల మూట విప్పగానే మాత్రం ఆ తగవు మరిచిపోయేవారు. నాకు ఆ గది ఎంతో నచ్చేది. పెద్దయ్యాక నేనూ అలాంటి గదిలోనే ఉంటానని అందరికీ ముందే చెప్పేశాను.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. ప్రతి విద్యార్థికీ ఒక చిన్న మడి ఇస్తారు. దున్నడం నుంచి పంట ఇంటికి చేర్చేదాకా అన్నీ సొంత చేతులతో చేయాలి. అబ్బాయా అమ్మాయా అన్న తేడా లేదు. తొలకరి పడగానే మా అక్క వంతు కూడా వచ్చింది. ఆమె నాగలి పట్టింది. పట్నానికి పాలు పోసే మా ఊరాయన ఒకడు దారిన పోతూ చూశాడు. పొద్దెక్కేలోపు ఆ మాట ఊరంతా పాకింది.

పెద్దనాన్న కేకలేయలేదు. కేకలేస్తే కాస్త ధైర్యంగా ఉండేది. అన్నం ముందు కూర్చుని మెల్లగా అన్నాడు: "చదువు పేరు మీద నాగలి ముట్టిపిస్తున్రు. ఇగ చాలు. ఆడ రైతుల మేళా ఉన్నదట, ఆ నాడు పోయి దాన్ని, దాని పెట్టెను తెచ్చుకుంట." మా పెద్దమ్మ కంట నీళ్లు పెట్టుకుంది. నేను చేయి కడిగేసుకున్నాను. మా తాతయ్య ఒక్కడే రొట్టె తుంచుకుంటూ, "తెచ్చుకో. గని మేళా జర చూసినంక తెచ్చుకో. కొత్త ఇత్తనాలు గూడ ఇస్తరంట" అన్నాడు.

నాకు తాతయ్య మీద పట్టరాని కోపం వచ్చింది. కన్నతండ్రి కదా, ఒక్క మాట గట్టిగా చెప్తే సరిపోదా? ఆ ఆదివారం బస్సులో అదే అడిగేశాను. ఆయన నా జడ లాగి నవ్వాడు. "నేను చెప్తే ఇంటడు బిడ్డా. గని అది నా మాట ఇన్నట్టయితది, దాని చదువు ఒప్పుకున్నట్టు గాదు. రేపు నేను లేకుంటే మళ్ల మొదటికొస్తది."

మేము పోయేసరికి అక్క మడి గట్టు మీద కూర్చుని ఉంది. ఆమె దున్నిన సాలు చూసి నాకు నవ్వాగలేదు. గట్టు దగ్గర బుద్ధిగానే మొదలైంది. కొంత దూరం పోయాక ఎద్దుకు దాహమేసినట్టు ఒక పక్కకు తిరిగింది, మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చింది. తక్కిన సాళ్లన్నీ దాని వెనకే నడిచాయి. కుక్క తోక నయం. మేళా రోజున ఎవరి మడి దగ్గర వాళ్లు నిలబడి, వచ్చిన రైతులకు అన్నీ చెప్పాలట. సాలు వంకర పోయిన పిల్లలు చాలామంది అప్పటికే గుంటక తోలి మడి చదును చేసేశారు.

"నేను గూడ చదును చేస్త తాతా. గిది చూస్తే బాపు నన్ను ఒక్క పూట గూడ ఉండనియ్యడు" అంది అక్క.

"ముట్టకు" అన్నాడు తాతయ్య. "ఎట్లున్నదో గట్లనే ఉండనియ్యి."

అక్క ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. తరువాత గుంటక మాట పక్కన పెట్టేసింది. ఆ నమ్మకం నాకు మాత్రం లేదు. ముసలాయనకు మతి పోయిందనే అనుకున్నాను.

మేళా రోజు పెద్దనాన్న ఉతికిన ధోవతి కట్టి, తలకు రుమాలు చుట్టి బయలుదేరాడు. పెట్టె కట్టుకోవడానికి తాడు కూడా భుజాన వేసుకున్నాడు.  గేటు దగ్గరికి వచ్చేసరికి అంత మనిషీ తడబడి, చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాడు. తాతయ్య ఊరుకోలేదు. "తొడుక్కో, తొడుక్కో. ఇది గుడి గాదు, కచేరి గాదు. మన అసోంటోళ్ల కోసం సర్కారు పెట్టిన బడి."

లోపల జాతర జరుగుతున్నట్టే ఉంది. మైకుల్లో పాటలు, విత్తనాల పొట్లాలు, పెద్ద పెద్ద గుమ్మడికాయలు. తాతయ్య వాటివైపు కన్నెత్తి చూడకుండా మమ్మల్ని నేరుగా మళ్ల దగ్గరికి నడిపించాడు. మా అక్క తన మడి దగ్గర తలవంచుకుని నిలబడి ఉంది. పెద్దనాన్న ఆమెను చూడలేదు. ఆయన కళ్లు మనిషి కంటే ముందు నేలను చూసేవి. ఆ సాలు చూశాడు. ముఖం మాడిపోయింది.

ప్రతి మడికీ ఒక చెక్క పలక గుచ్చి ఉంది. తాతయ్య నా భుజం తట్టి, "దాని మీదేమున్నదో జర సదువు బిడ్డా, నాకు కండ్లు కనబడ్తలేవు" అన్నాడు. ఆయన చూపు గద్ద చూపు. అయినా నేను గొంతెత్తి చదివాను. అక్క పేరు, దాని కింద ఊరి పేరు, సాతంరాయి.

పక్కనే నిలబడ్డ తుక్కుగూడ రైతు ఒకాయన నవ్వాడు. "సాతంరాయి సాలంటే పెద్ద పేరు ఇన్నం. గిదేనా ఏంది?"

పెద్దనాన్నకు అది సూటిగా తగిలింది. భుజం మీది తాడు తీసి తాతయ్య చేతిలో పెట్టాడు. "ఎద్దులు యాడున్నయి?" అన్నాడు. రైతులకు చూపించడానికి నాగలి కట్టిన ఎద్దులు ఆ పక్కనే ఉన్నాయి. ఆయన మేడి పట్టి ఒక్క సాలు వేశాడు. ఆ వంకరల పక్కన అది అలా నేరుగా పోతుంటే చూస్తున్న వాళ్లంతా మాటలు ఆపేశారు. తుక్కుగూడ ఆయన ఒక్కడే ఆపలేదు. "నువ్వు దున్నితే ఏం లాభమే? పలక మీద పేరు నీది గాదు కద, నీ బిడ్డది."

పెద్దనాన్న మేడి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ కాసేపు మా అక్క చదువు ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. నేను మాత్రం కళ్లు మూసుకుని, తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను.

"ఇటు రా" అన్నాడు పెద్దనాన్న.

ఆయనే అక్క చేయి పట్టి మేడి మీద పెట్టాడు. దాని మీద తన చేయి వేశాడు. "కర్రు దిక్కు చూడకు. ముంగట గట్టు మీద ఆ తెల్లరాయి ఉన్నది చూడు, దాన్నే చూడు. నువ్వు ఎటు చూస్తే సాలు అటే పోతది." ఇద్దరూ కలిసి సగం దూరం పోయాక ఆయన మెల్లగా చేయి తీసేశాడు. అక్కకు తెలియదు. తెల్లరాయిని చూస్తూ గట్టు దాకా దున్నుకుంటూ పోయింది. అది ఆయన సాలంత నేరుగా లేదు కానీ సాలే. తుక్కుగూడ ఆయన రుమాలు దులిపి, "ఆ, ఇగ ఇది సాతంరాయి సాలు" అన్నాడు.

తరువాత గోదావరి జిల్లా కుర్రాడొకడు వచ్చి, "మాకూ కాస్త చూపించండి బాబాయిగారూ" అన్నాడు. అంత మర్యాద మా పెద్దనాన్న జన్మలో వినలేదు, పొంగిపోయాడు. పొద్దు వాలేదాకా ఆ మళ్లలోనే ఉన్నాడు. అక్కడి పంతులుగారు ఆయనకు చాయ్ ఇప్పించి, వరసల్లో విత్తనం వేసే గొర్రు తోలి చూపిస్తే, కింద కూర్చుని మరీ చూశాడు. ఆ పద్ధతి మరుసటి వానాకాలం మా చేలోకి వచ్చింది. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారంటే నేను చెప్పలేను. ఆ రోజు అందరూ నేర్చుకున్నారు.

మేము గేటు దగ్గరికి రాగానే అక్క పరుగెత్తుకొచ్చింది. "బాపూ, పెట్టె తెమ్మంటవా?" అని అడిగింది.

"పెట్టె ఎందుకే?" అని కసిరాడు పెద్దనాన్న. "సగం మడి ఇంక వంకరనే ఉన్నది. అదెవరు దున్నుతరు, నేనా?"

ఆ సాయంత్రమే వాన కురిసిందని చెప్తే కథకు అందంగా ఉంటుంది. కురవలేదు. ఆ ఏడు తొలకరి తరువాతి వానలు ఎప్పటిలాగే కొంచెం ఆలస్యంగా వచ్చి, ఎప్పటిలాగే కురిసి వెళ్లాయి. ఆ ఆలస్యానికి మా అక్క పేరు ఎవరూ ఎత్తలేదు. తిరుగు బస్సులో పెద్దనాన్న నిద్రపోతుంటే, తాతయ్య ఖాళీ తాడును చేతికి చుట్టుకుంటూ నా చెవిలో చెప్పాడు: "సక్కగున్నది చూపిస్తే మెచ్చి పోతరు బిడ్డా. వంకరున్నది చూపిస్తేనే చెయ్యేస్తరు."

మా అక్క వ్యవసాయాధికారిగా ఎన్నో మండలాలు తిరిగింది. పెద్దనాన్న బతికున్నంతకాలం, కూతురికి చదువు చెప్పింది సర్కారైనా సాలు నేర్పింది తానేనని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకునేవాడు. నేను శంషాబాద్ బడిలో టీచరునయ్యాను. తప్పు లెక్క రబ్బరుతో చెరిపి, తెల్లకాగితం చూపించే పిల్లలకు ఎన్నేళ్లుగానో ఒకటే చెప్పాను: చెరపకు, ముందు నాకు చూపించు.

ఇప్పుడు మా చేల వైపు విమానాలు దిగుతున్నాయి. నా కొడుకు ఆ విమానాశ్రయంలోనే ఉద్యోగం చేస్తున్నాడు. మా భూమి దాని కింద పోకముందు ట్రాక్టరు తోలడంలో వాడిది అచ్చం మా పెద్దనాన్న చేయి. మొండితనం కూడా ఆయనదే. కూతురు ఇంజినీరింగ్ వద్దని అదే విశ్వవిద్యాలయంలో చేరినప్పటి నుంచి దానితో సరిగా మాట్లాడటం లేదు. ఇప్పుడక్కడ తరగతిలో అమ్మాయిలే ఎక్కువట. వాళ్లు నాగలి కాదు, ట్రాక్టరే నేర్చుకుంటున్నారు.

మొన్న నా మనవరాలు ఫోనులో ఒక ఫొటో పంపింది. తాను మొదటిసారి ట్రాక్టరుతో దున్నిన మడి. చూడగానే నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లొచ్చాయి. అదే వంకర. "నాన్నకు చెప్పకు నానమ్మా, రేపు మళ్లీ దున్ని సరిచేస్తా" అని కింద రాసింది.

నేను ఫోను చేసి చెప్పాను. "ముట్టకు. ఆ ఫొటో మీ నాన్నకు పంపు."

ఆదివారం తెల్లవారుతూనే నా కొడుకు గుమ్మం దగ్గర పాత చెప్పులు వెతుక్కుంటున్నాడు, పొలానికి వేసుకునేవి. ఎక్కడికిరా అని నేను అడగలేదు. రొట్టెల మూట మాత్రం కట్టి చేతికిచ్చాను.