ముక్కుసూటి మనిషికి ఊద్ అత్తరు

మీ పక్క కుర్చీ తరచూ ఖాళీగా ఉంటోందంటే, దానికి కారణం మీ మీద లోకానికున్న గౌరవమేనని చెప్పడానికి మీ దగ్గరున్న ఆధారమేమిటి? ప్రశ్న కటువుగా తోస్తే మన్నించండి. ఆ రోజుల్లో నన్నెవరైనా ఇలా నిలదీసి ఉంటే నా యవ్వనంలో కొంత భాగమైనా గౌరవప్రదంగా గడిచేది. అప్పట్లో నేను విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతూ, తార్నాకలో ఒక మేడకింద గదిలో అద్దెకుండేవాణ్ణి. డిబేట్ పోటీల్లో నాలుగు మెప్పులు పొందిన పుణ్యాన “ఆధారం ఏమిటి?” అన్నది నాకు ఊతపదమైపోయింది. ఉప్మాలో ఉప్పు తగ్గిందన్న అమాయకుణ్ణి కూడా ఆధారం అడిగేవాణ్ణి. ఎదుటివాడి లోపం ఎదుటనే చెప్పడం నా వ్రతం. అందుకే నన్ను నేను ముక్కుసూటి మనిషినని సగర్వంగా చెప్పుకునేవాణ్ణి. (ఆ మాటలో ముక్కు ఎందుకుందో అప్పటికి ఆలోచించలేదు.)

నాకు సిద్ధాంతాలు మెండు. నీరు జాతి సంపద గనుక చేనేత చొక్కాను వారానికొకసారి మాత్రమే ఉతకాలి. నడక ఆరోగ్యం గనుక ఎండైనా వానైనా తార్నాక నుంచి క్యాంపస్‌కు నడిచే వెళ్లాలి. సెంటు మోసం గనుక, చెమట శ్రమకు చిహ్నం గనుక, మగవాడు ఉన్నది ఉన్నట్టుగానే సమాజానికి కనిపించాలి. కనిపించడం గురించి నేను ఆలోచించిన మాట నిజమే. సమాజానికి కళ్లు మాత్రమే కాక ఇతర ఇంద్రియాలు కూడా ఉంటాయన్న సంగతి నా సిద్ధాంతంలో చేరలేదు. గ్రంథాలయంలో నా పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీ. అది నా మేధస్సు పట్ల భయభక్తులని నమ్మాను. సీతాఫల్‌మండి వెళ్లే బస్సులో ఒకసారి నేను పక్కన కూర్చోగానే ఒక పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. ఈ నగరంలో విద్యార్థులకు ఇంకా ఇంత విలువ ఉన్నదా అని నాకు కళ్లు చెమర్చాయి.

డిబేట్‌లో నా జోడీని అందరూ కాకా అని పిలిచేవారు. నల్లగొండ వైపు రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు, వయసులో నాకంటే ఏడాది పెద్ద. వాదనలో నేను కత్తి అయితే అతను డాలు. ఆ ఏడాది అంతర కళాశాలల పోటీ ఫైనల్‌కు చేరాక నా చెవిన ఒక మాట పడింది: కాకాను జోడీ మార్చుకొమ్మని అందరూ పోరుతున్నారట, ఈ ఫైనల్ ఓడితే అతను వేరే జోడీ చూసుకుంటాడట. కాకా లేకుండా వేదిక ఎక్కడం నా ఊహకే అందదు. అంతలో వాదనాంశం ప్రకటించారు: “పురుషుడికి పరిమళ ద్రవ్యాలు అవసరమే.” చీటీ తీస్తే మాకు అనుకూల పక్షం వచ్చింది! నేను నివ్వెరపోయాను. నమ్మని విషయాన్ని సమర్థించే ముందు దాన్ని ప్రత్యక్షంగా పరిశీలించాలి కదా అన్నాను. కాకా ముఖం చాటంతయింది. “సెంటు కొంటవా? నిజంగనా? పోదాం పా! ఇప్పుడే పోదాం, మళ్ల మనసు మారుతది నీకు!” అంటూ చెప్పులు కూడా సరిగా తొడగకుండానే నన్ను బయటికి లాగాడు. వాదన పట్ల అతనికున్న శ్రద్ధకు నేను ముచ్చటపడ్డాను.

మెట్రో స్టేషన్‌కు కాస్త ఎడంగా ఒక సెంట్ల దుకాణం ఉండేది. దుకాణం భాయ్‌ని నేను ఊరికే వదలలేదు. “ఈ సీసా మీద ‘పురుషులకు’ అని రాశారు. ముక్కుకు లింగభేదం ఉంటుందా?” అని అడిగాను. భాయ్ తడుముకోకుండా, “ఆడోళ్ల సీసా మీద పువ్వుంటది సాబ్, మగోళ్ల సీసా మీద గుర్రముంటది. అంతే ఫరక్,” అన్నాడు. గుర్రాలన్నీ దాటుకుని చివరికి ఒక చిన్న అత్తరు సీసా తీసి, “మీకైతే ఊద్ మంచిగుంటది,” అన్నాడు.

“ఎక్కడ ఊదాలి?”

“ఊదుడు గాదు సాబ్, దీని పేరే ఊద్, అగరు చెక్క అత్తరు. ఒక్క చుక్క, చెవి ఎనక. బస్.”

“రెండు చుక్కలైనా పెట్టుకోనియ్యి భాయ్, తప్పేముంది?” అని కాకా బతిమాలాడు. ఎందుకంత ఆరాటపడుతున్నాడో నాకు బోధపడలేదు.

ఫైనల్ నాటి ఉదయం సీసా ముందు పెట్టుకుని తర్కించాను. ఒక్క చుక్క ఒక మనిషికి సరిపోతే, నిండు సభకు ఎంత కావాలి? ఈ సూత్రంలో దోషం నాకు కనపడలేదు. చిన్నప్పటి నుంచి అలవాటైన పద్ధతిలో, కొబ్బరినూనెలా అరచేతిలో ఒంపుకుని తలకూ మెడకూ రాసి, మిగిలింది చొక్కాకు తుడిచేశాను. (చొక్కా ఉతికి అప్పటికి ఆరు రోజులు.) మేడమీదుండే ఇంటి యజమానురాలు పిన్నిగారు, కాకినాడ మనిషి, గాభరాగా మెట్లు దిగి వచ్చారు. “ఏం నాయనా, ఇవాళ మీ ఇంట్లో ఎవరి ఆబ్దికవైనా ఉందా? సాంబ్రాణి ఇంత వేశావేవిటి?” అని, ఒక్క క్షణం గాలి పీల్చి, “పోన్లే, మంచిదే. రోజూ వేస్తూండు,” అని వెళ్లిపోయారు. ఆవిడ భక్తికి మనసులోనే నమస్కరించాను.

సభలో నేను లేచి, “పరిమళం మనిషిని మనిషికి దగ్గర చేస్తుంది, అధ్యక్షా!” అని చేయి చాచాను. చాచిన చేతి దిక్కునుంచే దగ్గు మొదలైంది. ముందు వరుస లేచి వెనక్కు నడిచింది. రెండో వరుస దాన్ని అనుసరించింది. ఒక న్యాయనిర్ణేత రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు, మరొకరు స్వయంగా వెళ్లి కిటికీలు తెరిచారు. నా తరువాత లేచిన ప్రత్యర్థి పక్షపు అమ్మాయి సిద్ధం చేసుకున్న కాగితాలు పక్కన పెట్టి, “పరిమళం మనుషులను దగ్గర చేస్తుందన్నారు. అధ్యక్షా, దయచేసి ముందు వరుసలు చూడండి. నా వాదన ముగిసింది,” అని కూర్చుంది. చప్పట్లు ఆగలేదు. హాలంతా ఖాళీ అవుతున్నా కాకా మాత్రం నా భుజానికి భుజం ఆనించి, పండగపూట కూర్చున్నట్టు నిశ్చింతగా కూర్చున్నాడు.

ఓడిపోయి బయట మెట్ల మీద కూలబడ్డాం. “కాకా, అందరూ లేచిపోయారు. నీకు వాసన తెలియలేదా?” అన్నాను.

“ఎందుకు తెల్వది? నాకైతే మంచిగనే ఉండె. రెండేండ్ల సంది నువ్వు గింత మంచిగ ఎన్నడు వాసన రాలే.”

తల మీద పిడుగు పడ్డట్టయింది. అయినా అలవాటు చావదు కదా. “ఆధారం ఏమిటి?” అన్నాను.

“లైబ్రరీల నీ పక్క కుర్చీ ఆధారం గాదా? బస్సుల లేసి నిలబడ్డ పెద్దమనిషి? మీ పిన్ని నీకు ఫలహారం ఇస్తే ఎప్పుడన్న లోపలికి పిలిసిందా? కిటికీల నుంచే ఇస్తది గద!”

నా సన్మానాలన్నీ ఒక్కొక్కటిగా నా కళ్లముందే కూలిపోయాయి. “మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే ఇంటవారా నువ్వు? ఆధారం అడుగుతవ్. సంకల ఆధారం ఎట్ల జూపియ్యాలె, నువ్వే చెప్పు!”

నవ్వాలో ఏడవాలో తెలియని స్థితిలో, అడగవలసిన అసలు ప్రశ్న అడిగాను. “జోడీ మార్చుకుంటున్నావట కదా?”

“మార్చుకొమ్మని మస్తుమంది చెప్పిన్రు,” అన్నాడు కాకా, చెప్పు పట్టీ సరిచేసుకుంటూ. “ముక్కు మూసుకోని కూసున్న గని, నిన్నిడిసి పోతనారా?”

లోకానికంతటికీ దాని లోపాలు చెప్పుకుంటూ తిరిగిన ముక్కుసూటి మనిషిని నేను. నా పక్కన నిజంగా ముక్కున్న మనిషి, మొహమాటం కొద్దీ, ప్రేమ కొద్దీ, రెండేళ్లు ఊపిరి బిగబట్టాడు. ఇంతకంటే దిగ్భ్రాంతి కలిగించిన విషయం ఆ తరువాత నాకు ఎదురుకాలేదు.

ఇప్పుడు తార్నాకలోనే ఉద్యోగం. చొక్కా రోజూ ఉతుకుతాను, ఊద్ ఒక్క చుక్కే, చెవి వెనకే. అయినా మెట్రోలో పక్క సీటు ఖాళీగా కనిపిస్తే కాలరు దగ్గరికి లాక్కుని ఒకసారి వాసన చూసుకుంటాను. ఒకప్పుడు ఆ ఖాళీని గౌరవమనుకుని మురిసిపోయిన కుర్రవాడు గుర్తొస్తాడు. పాపం, ఎంత ఆనందంగా ఉండేవాడో!

చివరగా ఒక విన్నపం. మీ పక్కన కూడా అలాంటివాడొకడు ఉండే ఉంటాడు. అతనికి సెంటు సీసా బహుమతి ఇచ్చి తప్పించుకోకండి, కుర్చీ జరుపుకోకండి. ఈ సాయంత్రమే పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా చెప్పండి. ఆధారం ఏమిటని అడిగితే నా కథ చెప్పండి.