అక్క స్థానంలో నేను

అక్క పోయిందని చెప్పింది ఆమె భర్త. పోయిన నెలలో ఒక పొద్దున, కోడుమూరు దగ్గర నేను పనిచేసే హైస్కూలు గ్రౌండులో పిల్లల చేత పరుగులు పెట్టిస్తున్నాను. ఫోన్లో అక్క నంబరు కనిపిస్తే నవ్వుతూనే ఎత్తాను. "అమ్మా, మీ అక్క పోయిందమ్మా" అన్నాడాయన. కామెర్లు ముదిరి ఆసుపత్రిలో చేర్చిన నాలుగో రోజట. ఆమెకు నలభై కూడా నిండలేదు.

ఆమె నా తోడబుట్టిన అక్క కాదు. కర్నూలులో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ వాలీబాల్ జట్టులో నాకంటే ఒక ఏడాది పెద్ద. మా జట్టు సెట్టర్. ఆట తెలియనివారికి చెబుతాను. అవతలి నుంచి వచ్చిన బంతిని ఒకరు అందుకుంటారు. దాన్ని వల పక్కన పైకి లేపి ఇచ్చేది సెట్టర్. మూడో మనిషి ఎగిరి కొడుతుంది. చప్పట్లన్నీ కొట్టిన మనిషికే. కానీ ఎవరి చేత కొట్టించాలో రెప్పపాటులో తేల్చుకోవలసింది సెట్టర్. జట్టంతా ఆమె చేతుల మీదే నడుస్తుంది.

అక్కది నందికొట్కూరు. అమ్మానాన్నలు కూలికి పోయేవారు. ఆదివారాలు చర్చిలో పాడే గొంతు ఆమెది. ఆటకు ముందు వేళ్లకు టేపు చుట్టుకుంటూ కూడా ఏదో ప్రార్థన గీతం కూనిరాగం తీస్తూ ఉండేది. అంతకుముందు ఏడాది కప్పు మా కాలేజీకి వచ్చిందంటే ఆమె వల్లే. ఆ ఏడు యూనివర్సిటీ జట్టుకు ఎంపికైతే, ఆ సర్టిఫికెట్‌తో క్రీడాకారుల కోటాలో పోలీసు ఉద్యోగం వస్తుందని ఆమె ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్నారు.

పోటీలకు నెల ముందు ఒక సాయంత్రం ప్రాక్టీసులో ఎగిరి దిగుతూ ఇంకొకరి పాదం మీద కాలు పెట్టింది. మోకాలు మెలితిరిగింది. ఇక ఎగరకూడదన్నాడు డాక్టరు. మరునాడు మాకు ఆటలు నేర్పే పీడీ సారు నన్ను పిలిచి, "ఇంగ నువ్వే సెట్టర్‌వి" అన్నాడు. అప్పటిదాకా నేను ఆట మధ్యలో అందరికీ నీళ్లు అందించే అదనపు ఆటగత్తెను.

ఆ నెల రోజులూ నాకు అన్నం సహించలేదు. ప్రిన్సిపాల్ మేడం ప్రార్థనలో నన్ను పేరు పెట్టి నిలబెట్టి, ఈసారి కూడా కప్పు మనదే అంది. హాస్టల్లో వంటామె నా కంచంలో ఇంకో గుడ్డు వేసి, "కప్పు తెస్తావా మే?" అని అడిగేది. గేటు దగ్గర వాచ్‌మన్ తాత సైతం, "ఆ పాప మాదిరి ఆడతావా, ల్యాకుంటే కప్పు పోతాదా?" అనేవాడు. అందరూ నా వైపు చూస్తూ అక్కను తలుచుకుంటున్నారని నాకు తెలుస్తూనే ఉంది.

నేను సెట్టర్‌నైన మూడో రోజు అక్క మోకాలికి కట్టుతో కుంటుకుంటూ వచ్చి గ్రౌండు మెట్ల మీద కూర్చుంది. ఆమెను చూసినప్పటి నుంచి నేను లేపిన ప్రతి బంతీ పక్కకే పోయింది. ఆట అయ్యాక ఉండబట్టలేక ఆమె ముందుకు వెళ్లి నిలబడ్డాను.

"నేను చెడగొడతాంటే చూసేకి వచ్చినావా అక్కా?"

ఆమె మెట్టు మీద పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. "కాదు మే. రూములో ఒక్కదాన్నే కూచుంటే ఏడుపొస్తాది. ఈడ కూచుంటే రాదు. రేపట్నుంచి పొద్దున అందరికంటే గంట ముందు రా."

అప్పటి నుంచి పొద్దున్నే ఇద్దరమే. ఆమె మెట్ల మీద కూర్చొని బంతి విసిరేది, నేను లేపేదాన్ని. ముందు నా గోళ్లు చూసేది, పెరిగితే ఒప్పుకొనేది కాదు. దుమ్ము పట్టిన బంతిని తన చున్నీతో తుడిచి గానీ నా చేతికి ఇచ్చేది కాదు. "బంతిని పట్టుకోవద్దు మే, సుట్టాన్ని సాగనంపినట్ల మర్యాదగా సాగనంపు" అనేది. ఎవరికి ఇవ్వాలో తెలియడం లేదని ఒకరోజు ఏడుపు మొహం పెడితే, "గట్టిగ కొట్టేదానికి గాదు, కొట్టాలని చూస్తాండేదానికి ఇయ్యి. కండ్లల్ల తెలుస్తాది" అంది. ఆ మాట ఇప్పటికీ నా పిల్లలకు చెబుతాను.

పోటీలకు కడపకు బయలుదేరే ముందు రోజు ఆమె మాదిరే టేపు చుట్టుకుని, ఆమె మాదిరే చేతులు ఎత్తి నిలబడ్డాను. అక్క చూసి తల అడ్డంగా ఊపింది.

"నా మాదిరి ఆడొద్దు. కాలేజోళ్లకు కావల్సింది నేనైతే, నేను యాడికి పోయినా? ఈడనే ఉండా గదా. నువ్వు నీ మాదిరి ఆడు."

కడపకు అక్క కూడా మాతో వచ్చింది. ఫైనల్ దాకా వెళ్లాం. చివరి సెట్‌లో ఒక పాయింటు వెనకబడ్డాం. ఇంకొకటి పోతే ఆటే పోతుంది. మా కాలేజీ పిల్లలంతా మా పొడుగు కెప్టెన్ పేరు అరుస్తున్నారు. బంతి ఆమెకు ఇవ్వాలన్నది వాళ్ల ఆశ. కానీ ఆమె అలసిపోయి నేల చూపులు చూస్తోంది. కుడి పక్కన పొట్టిగా ఉండే ఫస్టియర్ అమ్మాయి మాత్రం కళ్లు విప్పార్చి నా చేతుల వైపే చూస్తోంది. ఆమెకు లేపాను. చక్కగా ఎగిరింది, గట్టిగానే కొట్టింది. బంతి వల అంచుకు తగిలి మా వైపే పడింది.

ఓడిపోయాం.

మా వాళ్లు నన్ను దాటుకుని పోయి కెప్టెన్ చుట్టూ చేరారు. ఆ పొట్టి అమ్మాయి నేల మీద కూలబడి ఏడుస్తోంది. అక్క కుంటుతూ కోర్టులోకి వచ్చి ముందు ఆమెను లేపి దుమ్ము దులిపింది. తర్వాత నా దగ్గరకు వచ్చి, అందరికీ వినపడేట్టుగా, "అదే బంతి మళ్లొచ్చినా ఆ పాపకే ఇయ్యి" అంది.

సాయంత్రం, ఆ పోటీల్లో ఆట చూసి యూనివర్సిటీ జట్టుకు ఎంపిక చేసినవారి పేర్లు చదివారు. మా కాలేజీ నుంచి ఒకటే పేరు. నాది.

తిరుగు ప్రయాణంలో బస్సులో అక్క కిటికీ పక్కన, నేను ఆమె పక్కన. మైదుకూరు దాటాక అడిగాను.

"నా మీద కోపం రాల్యా అక్కా?"

"వచ్చింది. ఇంగా ఉండాది." కిటికీలోంచి చూస్తూనే అంది. "నీ మీద చూపిచ్చి ఏం చేసుకోవాల? అది పోయేంతవరకు నాతోనే ఉండనీ." నా చెయ్యి తీసుకుని, ఊడిపోతున్న టేపును మెల్లగా విప్పడం మొదలుపెట్టింది.

ఆ సర్టిఫికెట్‌తోనే నాకు వ్యాయామ శిక్షణ కోర్సులో సీటు వచ్చింది, తర్వాత ఈ ఉద్యోగం వచ్చింది. అక్క డిగ్రీ అయ్యాక పెళ్లి చేసుకుని బనగానపల్లెకు వెళ్లింది. ఆయన తోటల నుంచి మామిడికాయలు తోలే బండి నడుపుతాడు. ఆమె బట్టలు కుట్టేది. నా ఉద్యోగం ఆర్డరు తీసుకుని వెళ్తే మిషను ఆపి, రెండుసార్లు మొత్తం చదివి, నిదానంగా మడిచి ఇచ్చింది. "దగ్గర్లోనే ఇచ్చినారు, మంచిదాయ" అంది. కోపం పోయిందా అని నేను అడగలేదు. పోయిందో లేదో ఇక ఎప్పటికీ తెలియదు.

ఫోన్ చేసినప్పుడల్లా మొదటి ప్రశ్న ఒకటే: "ఈ ఏడు మీ పిల్లల్లో సెట్టర్ ఎవరు మే? ఎట్ల చేస్తాండాది?" నేను గంటసేపు చెప్పేదాన్ని. ఆమె రోజులు ఎలా గడుస్తున్నాయో ఒక్కసారి కూడా సరిగ్గా అడగలేదు. ఇప్పుడు సాయంత్రం గ్రౌండు నుంచి ఇంటికి వెళ్తుంటే చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోతుంది.

ఆమె పోయిన రోజు రెండు బస్సులు మారి నేను బనగానపల్లె చేరేసరికే మట్టి చేసేశారు. మరుసటి ఆదివారం ఆమె కోసం ప్రార్థన ఉందంటే మళ్లీ వెళ్లాను. ప్రార్థన ముగిశాక ఆమె భర్త నన్ను చర్చి వెనక ఖాళీ స్థలంలోకి తీసుకుపోయాడు. వేపచెట్టుకూ ఇనుప స్తంభానికీ మధ్య, పిల్లలకు అందేంత ఎత్తులో, పాత వల కట్టి ఉంది. వల పక్కన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ.

"రోజూ సాయంత్రం ఆ కుర్చీలో కూచోని పిల్లోళ్లకు బంతి లేపి ఇస్తాండె" అన్నాడాయన. "నీకు చెప్పల్యామ్మా?"

చెప్పలేదు.

పదేళ్లు కూడా లేని ఏడెనిమిది మంది ఆడపిల్లలు అప్పుడే ఆట మొదలుపెట్టారు. కుర్చీని ఎవరూ తీయలేదు. అవతలి నుంచి వచ్చిన బంతిని అందుకున్న పిల్ల, అలవాటు కొద్దీ, దాన్ని కుర్చీ వైపే పంపుతోంది. బంతి ఖాళీ కుర్చీకి తగిలి ఎగిరి దుమ్ములో దొర్లుతోంది. ఒకరు పరుగున పోయి తెస్తున్నారు. మళ్లీ మొదలుపెడుతున్నారు. మళ్లీ ఆ కుర్చీ వైపే పంపుతున్నారు.