ఇరవై మిల్లీసెకన్లు ఆగని పెద్దమనిషి

ఆయన్ని తోటి ప్రోగ్రామర్లంతా వెనకాల "దయచేసిగారు" అంటారు. ముందర మాత్రం సార్ అనే అంటారు. ఆ పేరు సంగతి ఆయనకి తెలుసు. తెలిసి కూడా, అది తన మర్యాదకు దక్కిన బిరుదనుకుని లోలోపల మురిసిపోతుంటాడు. మనిషి భ్రమకు మందెక్కడుంది?

ముందు ఆయన చేసే పనేమిటో చెప్పాలి. కంప్యూటరు నడవాలంటే ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి. దాని గుండెకాయను కెర్నెల్ అంటారు. లోపలి నుంచి స్పీకరు దాకా శబ్దాన్ని మోసుకెళ్ళే సన్నటి తీగల దారి ఒకటుంటుంది, దాని పేరు ఆడియో బస్. ఆ దారిని నడిపించే ప్రోగ్రాం డ్రైవరు. మన దయచేసిగారు ఆ డ్రైవర్లకు మెయింటైనరు, అంటే బాగోగులు చూసే పెద్ద. బస్సు డ్రైవర్ల మీద వేయగలిగిన జోకులన్నీ ఆయన మామగారు పెళ్ళినాడే వేసేశారు గనక మనం కొత్తగా వెయ్యక్కర్లేదు.

ఈ కెర్నెల్ ఏ ఒక్కరి సొత్తూ కాదు. లోకంలో ఎవరికి తప్పు కనిపించినా దిద్ది, ఆ దిద్దుబాటును మెయిల్లో పంపవచ్చు. దాన్ని ప్యాచ్ అంటారు. అయితే శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదు గదా. ఆడియో బస్ మీద వచ్చిన ప్యాచ్ ఏదైనా దయచేసిగారు చూసి తల ఊపితేనే లోపలికి వెళ్తుంది. పద్నాలుగేళ్ళుగా ఆ తల నిలువుగా కన్నా అడ్డంగానే ఎక్కువ ఊగింది.

అలాగని ఆయన తిట్టడు, కసరడు. "దయచేసి శీర్షిక ముందు డ్రైవరు పేరు చేర్చగలరు" అని రాస్తాడు. పాపం ఆ పంపినవాడు అది చేర్చి రెండో విడత పంపితే, "దయచేసి ప్యాచ్‌ని మెయిలుకు జతచేయకుండా మెయిలు లోపలే పెట్టగలరు" అంటాడు. మూడో విడతలో అదీ సరిచేస్తే, "ప్రస్తుతం కొత్తవి తీసుకోవడం లేదు, దయచేసి రెండు వారాల తర్వాత పంపగలరు." ఈ తప్పులన్నీ మొదటిసారే ఏకరువు పెడితే పోయేది కదా అని మీకూ నాకూ అనిపిస్తుంది. ఆయనకి అనిపించలేదు. విడతకొక తప్పు, అదీ ఆయన పద్ధతి. కొత్తవాళ్ళకు ఓర్పు నేర్పుతున్నానని భార్యతో గొప్పగా చెప్పుకునేవాడు. ఆవిడ ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. "మా దగ్గర ఒక్కో పరీక్షకి ఒక్కో రోజు రమ్మని సూది గుచ్చితే, మూడో రోజుకి పేషెంటు మొహం చూపించడు" అంది ఒకసారి. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

దయచేసిగారికి ఒక అక్కయ్య ఉంది. రెండు వీధుల అవతల, మేడ మీద ఒంటి గదిలో ఉంటుంది. పదకొండేళ్ళ కిందట చూపు పోయింది, పౌరుషం మాత్రం పోలేదు. ఒక విచారణ కార్యాలయానికి సాక్షులు చెప్పిన మాటల రికార్డింగులు విని టైపు చేసి ఇస్తుంది. తెర మీద ఏముందో కంప్యూటరే ఆమెకు చదివి చెబుతుంది. ఆ గొంతును ఆమె ఎంత వేగంగా పెట్టుకుందంటే, పక్కవాళ్ళకు మూకుట్లో గింజలు చిటపటలాడినట్టు వినిపిస్తుంది. ఆమెకు మాత్రం అక్షరం పొల్లుపోదు. మన కంప్యూటరు మూగబోతే మహా అయితే నాలుగు పాటలు ఆగుతాయి. ఆమె కంప్యూటరు మూగబోతే తెర పోయినట్టే, తెర పోతే ఉద్యోగం పోయినట్టే.

ఒక ఆదివారం సాయంత్రం ఆయన అక్కయ్యను చూడ్డానికి వెళ్ళాడు. ఆమె టీ పెడుతుంటే, ఊరికే ఉండలేక ఆమె ల్యాప్‌టాప్ తెరిచాడు. రెండేళ్ళ కిందట ఒక రిపేరు షాపులో కొన్న పాత పెట్టె అది. అందులో కెర్నెల్ పేరు చూసి మొహం చిట్లించాడు.

"ఇదెవరు పెట్టారక్కా?"

"ఏదిరా?"

"ఈ కెర్నెల్. ఎవరో లోపల చెయ్యి పెట్టారు. పేరు చివర తోకుంది."

"రిపేరు షాపావిడ పెట్టింది. రెండేళ్ళుగా ఒక్కరోజు కూడా మొరాయించలేదు. నువ్వు దాని జోలికెళ్ళకు."

"పనిచెయ్యడం వేరక్కా, పద్ధతిగా ఉండడం వేరు."

"నాకు పనిచేస్తే చాలు నాయనా."

టీ గ్లాసుల్లోకి వచ్చేలోపే ఆయన పని మొదలుపెట్టేశాడు. ఆ తోకున్న కెర్నెల్‌ని ఆనవాలు లేకుండా తుడిచేసి, తాను పద్నాలుగేళ్ళుగా కాపాడుకొస్తున్న అసలు సిసలు కెర్నెల్‌ని పెట్టాడు. పెట్టె చక్కగా మాట్లాడింది. "చూశావా" అన్నాడు. అక్కయ్య "ఊఁ" అని మూత వేసింది. సోమవారం పొద్దున్న మూత తీసింది. పెట్టెకు ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆపి మళ్ళీ వెలిగించినా అంతే.

"ఒరేయ్, ఏం చేశావురా నా పెట్టెని?" అంది ఫోనులో. "శుక్రవారం సాయంత్రానికి పదకొండు గంటల రికార్డింగు టైపు చేసివ్వాలి. ఆఫీసుకి కొత్త అధికారి వచ్చాడు. చూపులేని మనిషికి ఈ పనెందుకు, ఇంకెవరికైనా ఇద్దామని వంక కోసం కాచుక్కూర్చున్నాడు. ఇప్పుడా వంక నేనే అందించినట్టవుతుంది."

దయచేసిగారికి గుండెల్లో రాయి పడింది. అయినా గొంతులో తెలియనివ్వలేదు. "ఆడియో బస్సే కదక్కా. అది నా పని. రేపటికల్లా ఇచ్చేస్తాను" అని పెట్టెను తన ఇంటి వెనక గదిలోకి తెచ్చుకున్నాడు. ఇంకో కంప్యూటరు ఇద్దామంటే, ఆఫీసువాళ్ళు టైపింగు ప్రోగ్రాంని ఆ ఒక్క పెట్టెకే తాళం వేసి ఇచ్చారు. బయట దొరికే సౌండ్ కార్డు డబ్బా ఒకటి పక్కన గుచ్చితే పూటలో గండం గడిచేది. భార్య ఆ మాట అంటే ఆయన ఒంటికాలి మీద లేచాడు. ఆడియో బస్‌కి మెయింటైనరు అయ్యుండి, సొంత అక్కకి బయటి డబ్బా తగిలించాడని తెలిస్తే నలుగురూ ఏమనుకుంటారు? ఆ నలుగురూ ఎవరో ఇంతవరకూ ఎవరికీ తెలియదు.

మంగళవారం గడిచింది. జబ్బు ఎక్కడుందో బుధవారం మధ్యాహ్నానికి దొరికింది. మూత వేసినా, పెట్టె ఆపినా బస్ నిద్రపోతుంది. తిరిగి తెరిస్తే లేచి, తన మీదున్న చిప్పులన్నిటికీ హాజరు పిలుస్తుంది. ఈ రకం పాత పెట్టెల్లో చివరనున్న స్పీకరు చిప్పు కాస్త మొద్దునిద్రది. పేరు పిలిచినప్పుడు పలకదు. కెర్నెల్ "రాలేదు" అని రాసేసుకుని తన దారిన తాను పోతుంది. చిప్పు ఆ తర్వాత లేస్తుంది గానీ, అప్పటికి దాన్ని అడిగే నాథుడు ఉండడు. ఆదివారం అది అప్పటికే మెలకువగా ఉంది గనక పలికింది.

ఇక్కడే ఇంకొకడైతే మందేమిటో ఆలోచించేవాడు. దయచేసిగారు నిబంధనల పుస్తకం తీశాడు. చిప్పు ఎంతసేపట్లో లేవాలో అందులో ఉంది. ఈ చిప్పు అంతకన్నా ఆలస్యంగా లేస్తోంది. చిప్పులు తయారుచేసేవాళ్ళ బాధ్యతారాహిత్యం మీద రెండు పేజీల మెయిలు రాసి, తోటి ప్రోగ్రామర్లందరికీ చేరే మెయిలింగ్ లిస్టుకు పంపి, తేలిక పడిన మనసుతో భోజనానికి వచ్చాడు.

"తప్పెవరిదో తేలిపోయింది" అన్నాడు.

"వదిన పెట్టె మాట్లాడిందా?" అంది భార్య.

"తప్పు మనది కాదని తేలింది."

ఆవిడ కంచం ముందుకు జరిపింది.

గురువారం పొద్దున్నే కర్ర తాటించుకుంటూ అక్కయ్య వచ్చింది. గుమ్మంలోనే నిలబడి చెయ్యి చాపింది. "పెట్టె ఇలా ఇవ్వు. షాపుకి తీసుకెళ్తాను."

"ఆవిడేం చేస్తుందక్కా? ఇది కెర్నెల్ లోపలి వ్యవహారం. మరలు బిగించేవాళ్ళ పని కాదు."

"నాకు ఒకటిన్నర రోజు ఉంది. నీతో వాదిస్తే ఒక్క రోజే మిగులుతుంది."

ఆయనకి తల కొట్టేసినట్టయింది. అయినా సంచి భుజాన వేసుకుని వెంట నడిచాడు. అక్కయ్యకు తోడని పైకి అన్నాడు గానీ, ఆ షాపావిడ ఏం తప్పులు చేస్తుందో కళ్ళారా చూడాలన్నది లోపలి కోరిక.

షాపంటే రెండు మెట్లెక్కి పోయే ఇరుకు గది. గోడకి కీబోర్డులు వేలాడుతున్నాయి. మాత్రల సీసాల మూతల్లో సైజులవారీగా మరలు పోసి ఉన్నాయి. బల్ల వెనకాల నలభై దాటిన ఆవిడ, కళ్ళజోడు నెత్తి మీదకి తోసుకుని ఒక పెట్టె పొట్ట విప్పుతోంది. అక్కయ్య కర్ర చప్పుడు వినగానే తలెత్తింది.

"రండమ్మా, కూర్చోండి. ఏమైంది?"

"గొంతు పోయింది."

ఆవిడ మూత తీసి చూసింది. "నేను పెట్టిన కెర్నెల్ లేదే. ఎవరో శుభ్రంగా తుడిచేశారు."

"మా తమ్ముడు" అంది అక్కయ్య. తమ్ముడు తేలు కుట్టిన దొంగలా కీబోర్డుల వంక చూస్తున్నాడు.

ఆవిడ పుల్లలాంటి పెన్‌డ్రైవ్ ఒకటి పెట్టె పక్కన గుచ్చి, నాలుగు మీటలు నొక్కి, ఇందాక విప్పుతున్న పెట్టె మీదికి మళ్ళీ వంగింది. పది నిమిషాలు గడిచాయి. మూత వేసింది, తీసింది, మళ్ళీ వేసింది, తీసింది. గింజలు చిటపటలాడాయి. అక్కయ్య రెండు చేతులూ పెట్టె మీద పెట్టి, బిగబట్టుకున్న ఊపిరి వదిలింది. మూడు రోజులుగా ఆమె నిద్రపోలేదని తమ్ముడికి ఆ మొహం చూస్తే అప్పుడు తెలిసింది.

"ఏం చేశారు?" అని అడిగాడు.

"ఈ రకం పెట్టెల్లో స్పీకరు చిప్పు లేవడానికి కాస్త టైం కావాలండీ. కెర్నెల్ ఆగదు. పిలిచే ముందు ఇరవై మిల్లీసెకన్లు, అంటే సెకనులో యాభయ్యో వంతు, ఆగమని ఒక లైను రాసి పెట్టుకున్నాను. అంతే."

"మరి అది అసలు కెర్నెల్‌కి పంపొచ్చు కదా. అందరికీ పనికొస్తుంది."

ఆవిడ నవ్వింది. "పంపానండీ. మూడేళ్ళ కిందట, ఏడుసార్లు. అక్కడ ఒక పెద్దమనిషి ఉన్నాడు. దయచేసిగారంటారు. పంపినప్పుడల్లా ఏదో ఒకటి. శీర్షిక మార్చమన్నాడు. మెయిలు లోపలే పెట్టమన్నాడు. ఒక ఖాళీ లైను తీసెయ్యమన్నాడు, తర్వాతసారి ఇంకోచోట పెట్టమన్నాడు. చివరికి షాపు పేరుతో కాదు, సొంత పేరుతో సంతకం పెట్టమన్నాడు. లైను తప్పని మాత్రం ఒక్కసారీ అనలేదు. మంచివాడేలెండి, మర్యాదగానే రాశాడు. నాకే ఓపిక చాల్లేదు. ఇక్కడ జనం క్యూలో ఉంటారు."

దయచేసిగారు మెల్లిగా ఫోను తీసి పాత మెయిళ్ళు వెతికాడు. ఉన్నాయి, ఏడూ ఉన్నాయి. ఏడోదాని కింద తన జవాబుంది. దాని పక్కన తన లెక్క కోసం తానే రాసుకున్న మాట కూడా ఉంది: పంపినవారికి ఆసక్తి తగ్గింది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఎవరూ గుర్తుపట్టలేదు, నెమ్మదిగా జారుకోవచ్చు అని కూడా ఒక క్షణం అనిపించింది. ఆ వెంటనే, ఎందుకు దాచాలి అనిపించింది.

"ఒరేయ్" అంది అక్కయ్య, తల తిప్పకుండానే. "ఆ పెద్దమనిషివి నువ్వే కదూ?"

"నేనే అక్కా."

షాపావిడ నెత్తి మీది కళ్ళజోడు కిందికి దించుకుని ఆయన్ని చూసింది.

"క్షమించండి" అన్నాడాయన. "నేను చేసింది తప్పు."

"నాకెందుకండీ క్షమాపణలు? నా దగ్గరికొచ్చినవాళ్ళకి నేను చేసిపెట్టాను. రెండొందల నలభై పెట్టెలు అయ్యాయి. నా షాపు ఎక్కడుందో తెలియనివాళ్ళు ఏమయ్యారో మరి."

పద్నాలుగేళ్ళ అలవాటు నోటిని ఊరుకోనివ్వలేదు. "దయచేసి మీరు ఎనిమిదో విడత ఒక్కసారి…"

అక్కయ్య కర్రతో ఆయన కాలి మీద ఒక్కటిచ్చింది. "ఆవిడ పంపదు. నువ్వే కూర్చుని చెయ్యి."

ఆయన సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి, కస్టమర్లు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు. ఏడో విడత ప్యాచ్ తెరిచాడు. శీర్షిక సరిగ్గానే ఉంది. ఖాళీ లైను ఉండాల్సిన చోట ఒకటి పెట్టాడు. సంతకం దగ్గర ఆగి, ఆవిడ పేరు అడిగాడు. ఏడుసార్లు జవాబు రాసినా అప్పటిదాకా ఆయనకి ఆ పేరు తెలియదు. ఆవిడ పని ఆపకుండానే చెప్పింది. ఈ పేరే రాయనా, ఇలా ఉంచనా అని అడిగితే సరేనంది. రాసింది ఆవిడని పైన పెట్టి, తీసుకున్నది తానని కింద పెట్టి, లోపలికి పంపాడు.

మీటల చప్పుడు ఆగిందని అక్కయ్య పసిగట్టింది. "అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఎంతసేపు పట్టిందిరా?"

ఆయన తెర మూలనున్న గడియారం చూశాడు. "నాలుగు నిమిషాలక్కా."

"మూడేళ్ళ కిందట చేసుంటే?"

"అప్పుడూ నాలుగు నిమిషాలే పట్టేది."