తమ్ముడి డైపర్లు చూసి నవ్విన చిన్నబాపు

ఎల్లుండి మా తమ్ముడికి ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్. ఆ తర్వాత కొన్నాళ్లు మూత్రం ఆగదని, పెద్దవాళ్ల డైపర్లు తెచ్చుకోమని డాక్టరు ముందే చెప్పారు. సిగ్గుతో నెల రోజులు వాయిదా వేసినవాణ్ణి బతిమాలి ఒప్పించాను.

ఈ రోజు కార్వాన్‌లోని మా ఇంట్లో ఆసుపత్రి సంచి సర్దుతుంటే, యాకుత్‌పురా నుంచి మా నాన్న తమ్ముడు చిన్నబాపు బత్తాయిలు పట్టుకుని చూడటానికి వచ్చారు. మంచం మీది డైపర్ల ప్యాకెట్ చేతిలోకి తీసుకుని, తమ్ముడి కొత్త కోడలి ముందే పకపకా నవ్వారు.

“ఏందిరా, మళ్ల ఉయ్యాలల పంటవా? బయట హెర్నియా అని చెప్పున్రి. ఇజ్జత్ పోతది.”

తమ్ముడు తల దించుకున్నాడు. “అక్కా, నాకీ ఆపరేషన్ వద్దు” అన్నాడు.

ప్యాకెట్ ఆయన చేతిలోంచి లాక్కుని సంచిలో పెట్టాను. “చిన్నబాపూ, ఇగ మీరు పోన్రి” అన్నాను. పెద్దవాళ్లతో ఎన్నడూ అలా మాట్లాడలేదు.

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఆయన గొంతు తగ్గించారు.

“బిడ్డా, నేను గూడ రాత్రిపూట మూత్రానికి ఐదారుసార్లు లేస్తున్న. వీనికి జేసిన గా రక్తపరీక్ష పేరేంది?”

ఇంత భయం లోపల పెట్టుకుని నవ్వాడా ఈ మనిషి! నేను మొహం తిప్పుకున్నాను. తమ్ముడే లేచొచ్చి చీటీ మీద పేరు రాసిచ్చాడు.

“ఫికర్ చేయకు చిన్నబాపూ, జల్ది చేయించుకో” అన్నాడు. తర్వాత మిగిలిన బట్టలు తనే సంచిలో సర్దుకున్నాడు.

సాయంత్రం దీపం పెట్టి తమ్ముడి కోసం మొక్కాను. చిన్నబాపు కోసం మొక్కడానికి మాత్రం మనసు రాలేదు. మీకైతే వచ్చేదా?