గీతకి ఇవతల

యుగాల మాస్టారికి ఉన్నది ఒకటే జబ్బు. కంటబడ్డ ప్రతిదాన్నీ యుగాలుగా విడగొట్టందే ఆయనకు తిన్నది అరగదు. పాస్టర్లను తయారుచేసే బైబిల్ పాఠశాలలో ఆయన చెప్పే పాఠమే అది. గోడంత గుడ్డ పటం వేలాడదీసి, ఆదాము దగ్గర్నుంచి లోకాంతం దాకా ఏడు యుగాలని బెత్తంతో చూపిస్తారు. ప్రతి యుగంలోనూ దేవుడు మనిషికో బాధ్యత అప్పగిస్తాడు, మనిషి చెడగొడతాడు, అక్కడొక నల్లగీత. గీతకి ఇవతల దేవుడు మళ్లీ కొత్తగా మొదలుపెడతాడు. ఇప్పుడు నడిచేది ఆరోది, దేవుడు తప్పులు మన్నించే కృపాయుగం.

పాఠాన్ని బడిలోనే వదిలేసి వస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. ఆయన ఇంటికి మోసుకొచ్చేవారు.

"ఉప్పు ఎక్కువ పడకముందు ఈ కూర నిర్దోష యుగంలో ఉండేది," అన్నారోసారి కంచం ముందు కూర్చుని.

"మరిప్పుడో?" అంది ఆయన భార్య.

"ధర్మశాస్త్ర యుగం. నోరెత్తకుండా తినాలి."

వాళ్లింట్లోనే ఉంటూ అదే బడిలో కొత్తగా పంతులుగా చేరిన అల్లుడికి ఇదంతా తలవంపులుగా ఉండేది. ఓసారి పరీక్ష మధ్యలో బంట్రోతు పొరపాటున గంట కొట్టేశాడు. ప్రిన్సిపాల్ కళ్లెర్రజేసుకుని వచ్చేసరికి మాస్టారు అడ్డం వెళ్లి, "వాగ్దాన యుగం ముగిసిందండీ. పిల్లలూ కూర్చోండి, ధర్మశాస్త్రం మొదలైంది," అన్నారు. గది గదంతా నవ్వింది. ప్రిన్సిపాల్ కూడా నవ్వలేక నవ్వి వెళ్లిపోయాడు. అల్లుడు మాత్రం ఆయన తనకేమీ కానట్టు కిటికీలోంచి బయటికి చూశాడు.

ఇంకోసారి ఆయన పెద్ద సభకి బయల్దేరబోతుంటే కూతురు చొక్కా ఇస్త్రీ చేస్తూ కాల్చేసి బిక్కమొహం వేసింది. "చొక్కాకి యుగాంతం వచ్చిందమ్మా," అని పాతది తొడుక్కుని వెళ్లిపోయారు. ఈయనకి చాదస్తం ముదిరిందనుకున్నాడు అల్లుడు.

ఒకరోజు టీ వేళ తోటి పంతుళ్లు అతన్ని ఎగదోశారు. "ఏదీ, మీ మామగారిలా ఓసారి చెప్పు."

అల్లుడు కిటికీకి తువ్వాలు కట్టి, గొడుగు చేతబట్టి, నడుం వంచి, మామగారిలాగే గొంతు సవరించుకుని దగ్గాడు. "ఈ బిస్కెట్టు కొరకకముందు నిర్దోషి..." అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఉన్నట్టుండి ఆ నవ్వు ఆగిపోయింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో మాస్టారు, చంకలో చుట్టిన పటం.

అల్లుడికి నేల చీలితే అందులో దూరిపోదామనిపించింది. గొడుగు ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు.

"దగ్గు అక్కడ కాదు బాబూ," అన్నారు మాస్టారు. "కృపాయుగం దగ్గర దగ్గుతాను నేను." కాసిని మంచినీళ్లు తాగి క్లాసుకి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం అందరూ భోజనాలకి కూర్చున్నారు. అల్లుడు అన్నం కెలుకుతూ మొదలుపెట్టాడు.

"మావయ్యా, ఇందాక బడిలో నేను..."

"ఇందాకా? అది పోయిన యుగం," అన్నారాయన కూర వడ్డించుకుంటూ. "మధ్యలో గీత పడిపోయింది. అవతలి సరుకు ఇవతలికి తేకూడదు."

అల్లుడికి అప్పుడు తట్టింది. ఆయన యుగం మార్చిన ప్రతిసారీ ఎదుట ఎవరో ఒకరు తప్పు చేసి తలవంచుకుని నిలబడి ఉన్నారు. అప్పుడు బంట్రోతు, ఆ తర్వాత తన భార్య, ఇవాళ తను. ఆయన నవ్వంతా తనమీదికే తిప్పుకుని వాళ్లని గీత దాటించేవారు. పట్టుబడినందుకు పడ్డ సిగ్గు కన్నా, ఇన్నాళ్లూ పక్కనే ఉండి ఇది చూడనందుకు పడ్డ సిగ్గు ఎక్కువైంది. తలెత్తి ఆయన మొహం చూడలేకపోయాడు.

అంతలో మాస్టారి మోచెయ్యి తగిలి మజ్జిగ గిన్నె బోర్లాపడింది. మజ్జిగంతా బల్ల చివరున్న గుడ్డ పటం మీదికి పారింది.

"బడి సామాను భోజనాల బల్ల మీద పెట్టొద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నాను," అంది అత్తగారు.

తడిసిన పటాన్ని చూసి ఈసారి మాస్టారే తలవంచుకున్నారు.

అల్లుడు తువ్వాలు పట్టుకుని లేచాడు. "పోనీండి అత్తయ్యా. అది పోయిన యుగం." పటాన్ని అద్దుతూ గొంతు సవరించుకుని దగ్గాడు. "ఇప్పుడు నడిచేది కృపాయుగం."

మాస్టారు తలెత్తి అతన్ని ఎగాదిగా చూశారు.

"దగ్గు ఇప్పుడు కుదిరింది," అన్నారు.